లాభంలేదు గారి వీడియో కొట్టు

ఆయనకి ఒకటే జబ్బు. ఏ పనైనా ముట్టుకోకముందే అది చెడిపోయిందని తీర్మానించేస్తాడు, దానికి సంతాపం ప్రకటిస్తాడు, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని దాన్ని బాగుచేస్తాడు. "ఇక లాభం లేదు" అన్న మాట ఆయన నోట్లోంచి రాని పూట లేదు. టూత్‌పేస్టు గొట్టం సన్నబడితే లాభం లేదు. మెట్ల మీద బల్బు మిణుకుమంటే లాభం లేదు. కూరలో ఉప్పు సరిగ్గా సరిపోయినా, "ఇవాళ సరిపోయిందంటే రేపు ఖాయంగా తప్పుతుంది, ఇక లాభం లేదు" అంటాడు. ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. "లాభంలేదు గారు" అని అడిగితే చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి కొట్టు చూపిస్తారు.

పెళ్ళిచూపుల్లో భార్యని మొదటిసారి చూసిన రోజున కూడా తల్లిని పక్కకి పిలిచి, "ఇక లాభం లేదమ్మా, ఈ అమ్మాయి నన్ను చచ్చినా చేసుకోదు" అన్నాట్ట. తలుపవతల ఉన్న ఆవిడ అది విని నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వులోనే సరేనని తలూపేసింది. ఆ తర్వాత నవ్వు ఆగింది గానీ కాపురం ఆగలేదు.

కొట్టులో రెండు గదులు. ముందు గదిలో బల్ల, దాని వెనక ఆవిడ. వెనక గది గుమ్మానికి నల్ల తెర, లోపల రెండు కంప్యూటర్లు, చిక్కుపడ్డ వైర్లు, వాటి మధ్య ఆయన. బయట బోర్డు మీద "ఫోనులో తీసిన వీడియోలు ఎడిట్ చేయబడును. ఆగి ఆగి ఆడే వీడియోలు బాగుచేయబడును" అని ఉంటుంది. ఆ రెండో వాక్యం రాయించింది ఆవిడే. దాన్ని చూసినప్పుడల్లా ఆయనకి గుండెదడ.

"'బాగుచేయబడును' ఏమిటోయ్, అంత ధీమాగా? 'ప్రయత్నించబడును' అని మార్పిద్దాం."

"అలాగే. పక్కన మీ ఫోటో కూడా వేయిద్దాం. ఒక్క మనిషి మెట్టెక్కితే అడగండి."

ఆవిడ భయంలో న్యాయం లేకపోలేదు. వచ్చినవాళ్ళ దగ్గర ఆయన ఫోను తీసుకునే పద్ధతే అలాంటిది. రెండు చేతులతో అందుకుంటాడు. వైరు తగిలించి వీడియో ఆడిస్తాడు. బొమ్మ నాలుగడుగులు వేసి నిలబడిపోతుంది, మళ్ళీ ఉలిక్కిపడి ముందుకు దూకుతుంది, ఈలోగా మాట పెదవుల్ని దాటి వెళ్ళిపోతుంది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెడతాడు.

"ఎవరు తీశారండీ ఇది?"

"మా తమ్ముడండీ."

"ఉన్నారా?"

"ఉన్నాడండీ! బయట బండి దగ్గరే ఉన్నాడు!"

"మంచిది. ఆయన్ని కూడా లోపలికి రమ్మనండి. ఇద్దరూ మనసు గట్టి చేసుకోవాలి."

ఇంతలో ముందు గదిలోంచి ఆవిడ గొంతు వినిపిస్తుంది. "ఆయన మాటలు పట్టించుకోకండి. రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళండి." ఓసారి ఈ మాట రావడం ఆలస్యమైంది. కొడుకు ఈతపోటీ వీడియో తెచ్చిన ఒకావిడ అక్కడే భోరుమంది. ఆయన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు, ఆవిడ ఏడుపు చూడలేక తనే తాగేశాడు.

పని మాత్రం ఆయనకి కొట్టిన పిండి. కాకపోతే జబ్బేమిటో చెప్పేటప్పుడు కూడా అయినవాళ్ళని పోగొట్టుకున్నవాడిలా చెబుతాడు. "తప్పు మీది కాదండీ, ఫోనుది. దానికి తెలివి ఎక్కువైంది. వెలుతురుంటే గబగబా బొమ్మలు తీస్తుంది, నీడపడితే నెమ్మదిస్తుంది. ఎడిట్ చేసే ప్రోగ్రాముకేమో అన్నీ ఒకే వేగంతో రావాలి. ఈ రెంటికీ పొత్తు కుదరదు. పైగా ఫైలు ఇంత బరువు, మన కంప్యూటరేమో ముసలిది. ఇక లాభం లేదు." ఇలా అంటూనే వీడియోని ఫోనులోంచి కంప్యూటరులోకి దింపుతాడు, బొమ్మలన్నీ ఒకే వేగానికి వచ్చేలా మార్చుకుంటాడు, కత్తిరింపుల కోసం తేలికపాటి చిన్న కాపీ చేసుకుంటాడు. చివర్లో అసలుదాన్ని అదే వేగంతో కొత్త ఫైలుగా బయటికి తీస్తాడు. ఇన్నేళ్ళలో ఆయన లాభం లేదన్నవన్నీ శుభ్రంగా ఆడాయి.

అలా బయటికి తీసేటప్పుడు తెర మీద ఓ గీత నెమ్మదిగా నిండుతుంది. ఆ గీతని చూడటం ఆయన వల్ల కాదు. కుర్చీ తిప్పేసుకుని గోడవైపు కూర్చుంటాడు. చూసి చెప్పడం ఆవిడ వంతు.

"ఎంతైంది?"

"సగం."

"అక్కడే ఆగిపోతుంది, చూస్తూ ఉండు."

"ముప్పావు దాటింది."

"నాకు ఆశ పెట్టకు."

"అయిపోయిందండీ."

"మాట వినపడదు."

"వినపడుతోంది. బొమ్మా బాగుంది."

"అయితే వాళ్ళ టీవీ పాడవుతుంది" అని ఆయన నిట్టూర్చి లేస్తాడు.

ఆవిడకి ఇదంతా అలవాటైపోయింది. ఆయన ఏడుస్తున్నాడంటే ఆరోగ్యంగా ఉన్నాడని లెక్క. పెళ్ళైన ఇన్నాళ్ళలో ఒక్కసారి మాత్రం, పొద్దున్నే లేచి కిటికీలోంచి చూసి "అంతా బాగానే ఉందోయ్" అన్నాడు. ఆవిడ చేతిలో గిన్నె అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చి నుదురు పట్టుకు చూసింది. పెనంలా కాలిపోతోంది. డాక్టరుగారు కూడా నాడి చూసి, "ఏమన్నాడమ్మా? బాగుందన్నాడా? అయితే జ్వరం గట్టిదే" అన్నారు.

కొన్ని పనులు ఆయన నిజంగానే ఒప్పుకునేవాడు కాదు. ఓసారి ఒకమ్మాయి బిడ్డ పుట్టినరోజు వీడియో తెచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "అంకుల్, ఇందులో మా అత్తగారిని తీసెయ్యగలరా?"

ఆయన వీడియో అంతా చూసి తల అడ్డంగా ఊపాడు. "లాభం లేదమ్మా. మీ అత్తగారు ప్రతి ఫ్రేములోనూ ఉన్నారు."

"ఇంట్లో కూడా అంతేనండీ" అని ఆ అమ్మాయి విసుక్కుంటూ వెళ్ళిపోయింది. బల్ల వెనక ఆవిడకి ఇది అంతుపట్టలేదు. ఇల్లు అమ్మేవాళ్ళు తెచ్చిన వీడియోలో వాకిటి ముందు నిలబడ్డ నీళ్ళ లారీని ఈ మనిషే కదా, టైరు గుర్తు కూడా మిగలకుండా మాయం చేశాడు? లారీ కంటే అత్తగారు బరువా? ఒళ్ళు బద్ధకించి ఉంటుందిలే అనుకుని ఊరుకుంది.

అదిగో, అలాంటి రోజుల్లోనే కొత్త పెళ్ళికూతురు ఒకమ్మాయి ఆయాసపడుతూ వచ్చింది. చేతుల్లో గోరింటాకు ఇంకా పండి ఉంది. ఫోను బల్ల మీద పెట్టి ఏకబిగిన చెప్పింది. పెళ్ళికి వారం ముందు వాళ్ళమ్మ మెట్టు తప్పి పడింది, తుంటి ఎముక విరిగింది. పెళ్ళి ఇక్కడ జరుగుతుంటే ఆవిడ ఆస్పత్రి మంచం మీద ఉంది. ఎల్లుండి ఇంటికి తెస్తున్నారు.

"అమ్మకి ఫోటోలు చూపించామండీ, ఇష్టం లేనట్టు తిప్పేసింది. తనకి ఒక్కటే చూడాలట. పెళ్ళిలో నాన్న మైకు పట్టుకుని మాట్లాడారు. అందరూ చెప్పారు గానీ అమ్మ నమ్మట్లేదు. మా ఫ్రెండు ఫోనులో తీసింది. నేనే ఎడిట్ చేద్దామని కూర్చుంటే ఆగి ఆగి ఆడుతోంది. బయటికి తీసినా అంతే."

"మెసేజీలో వచ్చి అరిగిపోయిన కాపీయేనా?"

"కాదండీ, తీసిన ఫోనే తెచ్చాను."

ఆయన మొహం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే ఆ తప్పు దిద్దుకున్నాడు. "అయినా లాభం లేదమ్మా. మనసు గట్టి చేసుకో. అమ్మగారికి కూడా మెల్లిగా చెప్పండి."

పిల్ల కళ్ళు నిండాయి. ఆవిడ బల్ల దాటి వచ్చి భుజం మీద చెయ్యేసింది. "రేపు రామ్మా. ఎల్లుండికి మీ అమ్మ చూస్తుంది. ఇది నా మాట."

మర్నాడు పొద్దున్నే ఆయన కూర్చున్నాడు. ఒకే వేగానికి మార్చాడు. చిన్న కాపీ చేశాడు. అతిథులు లోపలికి రావడం, పిల్లలు కుర్చీల కింద దూరడం, పెళ్ళికూతురు నవ్వుతూ చెప్పు వెతుక్కోవడం అన్నీ నీళ్ళలా జారిపోతున్నాయి. తండ్రి మైకు అందుకునేదాకా అంతా సవ్యంగానే ఉంది. అక్కడికి వచ్చేసరికి మళ్ళీ మొదలు. నాలుగు మాటలు, ఓ ఆగడం. రెండు మాటలు, ఇంకో ఆగడం.

మళ్ళీ మొదట్నించి మార్చాడు. వైరు మార్చాడు. డిస్కులో చోటు ఖాళీ చేశాడు. కంప్యూటరు ఆర్పి వెలిగించాడు. రెండో కంప్యూటరు మీద ఆడించాడు. ఆ పెద్దమనిషి అక్కడా అదే చోట ఆగాడు. ఈసారి ఆయన లాభం లేదన్నది అలవాటు కొద్దీ కాదు. "నేను పనికిరానివాణ్ణోయ్. ఆ పిల్లకి మాటిచ్చావు. ఆ తల్లి మంచం మీద ఎదురుచూస్తోంది. ఇంతకాలం ఏదో నడిచిపోయింది. ఇవాళ్టితో నా బండారం బయటపడింది."

"ముందు అన్నం తినండి."

"ఏ మొహం పెట్టుకుని తినను?"

ఉన్న మొహంతోనే తినమని ఆవిడ కంచం తెచ్చి పక్కన పెట్టింది. అన్నం చల్లారిపోయింది. ఆయన ఇక దారి లేక కత్తిరింపులకి దిగాడు. పెద్దమనిషి ఆగిన ప్రతి చోటా ముక్క తీసి, అంచులు కలిపి, అతుకు తెలియకుండా వెలుగు సరిచేశాడు. మధ్యాహ్నం దాటాక ఆవిణ్ణి పిలిచి ఆడించి చూపించాడు. మైకు పట్టుకున్న ఆయన గడగడా మాట్లాడేశాడు.

"వచ్చేసిందిగా!" అంది ఆవిడ.

"వచ్చింది. కానీ ఏదో తేడాగా ఉంది. మనిషి రేడియోలో వార్తలు చదువుతున్నట్టున్నాడు."

ఆవిడకీ అలాగే అనిపించింది. "ఏదీ, కొయ్యకముందుది వెయ్యండి."

వేశాడు. తెర మీద బక్కపల్చటి మనిషి, మెడ చుట్టూ కొత్త కండువా, మైకు బిగించి పట్టుకున్న చెయ్యి. "ఇవాళ ఇక్కడ మాట్లాడాల్సింది నేను కాదు..." అని మూడోసారి ఆగిపోయాడు. వెనక టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. ముందు కుర్చీలో ఓ పాప ఐస్‌క్రీము నాకుతోంది. ఆయన ఆగే ఉన్నాడు. పాప నాకుతూనే ఉంది.

"ఏమండీ. ఫ్యాను ఆగట్లేదు."

"ఆపెయ్యి, చలిగానే ఉంది."

"మనది కాదండీ, వీడియోలోది. బొమ్మ ఆగిపోతే ఫ్యాను కూడా ఆగాలిగా? ఆ పిల్ల ఐస్‌క్రీము కూడా ఆగాలిగా? ఆయన ఒక్కడే ఆగుతున్నాడు."

ఆయన తెరకి ముక్కు ఆనించి చూశాడు. ఆ మనిషి గొంతు నరం బిగుసుకుంటోంది. పెదవులు మాట చుట్టూ తిరుగుతున్నాయి. పక్కన పెళ్ళికూతురు తొందరేమీ లేకుండా, పుట్టినప్పట్నించీ అలవాటున్నట్టు, వేచి ఉంది. ఆ పెద్దమనిషికి నత్తి. ఇంట్లో అది అంత మామూలు విషయం కాబట్టే, చెప్పాలన్న ఆలోచన కూడా ఆ పిల్లకి వచ్చి ఉండదు. ఎంతోసేపటికి ఆ మాట ఒడ్డుకి చేరింది. "మా... మా ఆవిడ. నేను మొదలుపెడితే మీ భో... భోజనాలు చల్లారిపోతాయి. అయినా ఇవాళ వి... వినాల్సిందే." హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

"పొద్దుట్నించి నేను బాగుచేస్తున్నది వీడియోని కాదన్నమాట" అన్నాడు లాభంలేదు గారు మెల్లిగా. "ఆ మనిషిని." అని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. లాభం లేదని కూడా అనలేదు. ఆవిడ భయపడి నుదురు పట్టుకు చూసింది. చల్లగానే ఉంది.

సాయంత్రం దీపాలు వెలిగించే వేళకి ఆ పెద్దమనిషే కొట్టులోకి వచ్చాడు. మెడలో కొలతల టేపు, చొక్కా మీద దారప్పోగులు. రెండు వీధుల అవతల దర్జీ ఆయన. ఆవిడ ఆయన కొట్టు ఎరుగును గానీ ఆయన గొంతు ఎప్పుడూ వినలేదు. అక్కడ కొలతలు, వాయిదాలు, బేరాలు అన్నీ ఆయన భార్యే మాట్లాడేది. ఆయన వెనకాల తలొంచుకుని మిషను తొక్కుతూ ఉండేవాడు, అందుకే తెర మీద పోల్చుకోలేకపోయింది. తమ కొట్టూ అలాంటిదేనని ఆవిడకి అప్పుడు తట్టింది.

"మా అ... అమ్మాయికి తెలీదు నేను వచ్చినట్టు" అన్నాడు దర్జీ. "చిన్న ప... పని. నేను ఆగిన చోట్లు క... కత్తిరించెయ్యండి. క... కత్తిరించి అతుకు కనపడకుండా కుట్టడం నా ప... పనే కదా, కుదురుతుందని నాకు తెలుసు. ఇన్నేళ్ళూ నా మాటలన్నీ మా ఆవిడే మో... మోసింది. ఒక్కసారైనా నేను తి... తిన్నగా మాట్లాడానని చూసి సంతోషపడుతుంది."

ఆవిడ ప్రాణం ఉసూరుమంది. ఆయన అడిగింది లోపల తయారుగానే ఉంది, మీట నొక్కితే చాలు. "అయ్యో, దానికేమండీ, అది మధ్యాహ్నమే..." అని ఆవిడ నోరు తెరిచింది. అంతలో బల్ల కింద మొగుడి కాలు ఆవిడ కాలి మీద పడింది, అదీ సరిగ్గా గోరు నొప్పి ఉన్న వేలి మీద. ఆవిడ నోరు మూసుకుంది.

లాభంలేదు గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. జీవితంలో అంత పెద్ద నిట్టూర్పు ఆయన ఎన్నడూ విడవలేదు.

"లాభం లేదండీ."

"ఒ... ఒక్క చోటు కూడా?"

"ఒక్క చోటు కూడా. ఈ బట్ట రకం అలాంటిది. ఎక్కడ కత్తెర పెట్టినా పోగులన్నీ ఊడొస్తాయి. నేను చెయ్యని ప్రయత్నం లేదు, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి, పొద్దుట్నించి అన్నం కూడా తినలేదు."

తినలేదన్న ఆ ఒక్క ముక్కకి ఆవిడ సాక్ష్యంగా తలూపింది.

"ఇంకో మాట. కుట్టు కనపడకుండా ఊరందరికీ వేస్తారు మీరు. మీ ఆవిడ కంటికి కనపడకుండా వెయ్యగలరా?"

దర్జీ ఆలోచించాడు. మొహంలోకి మెల్లిగా నవ్వు వచ్చింది. "లే... లేను. కాజా చూసి, అది కుట్టినప్పుడు నాకు కో... కోపం ఉందో లేదో చెప్పేస్తుంది."

"చూశారా మరి."

"అయితే ఇక లా..." అని ఆగిపోయాడు దర్జీ. ఆ మాట లాభంలేదు గారి నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉండేదే. అయినా ఆయన అందివ్వలేదు. పెదవులు బిగబట్టి, తన సొంత మాట ఇంకొకరి నోట్లోంచి వచ్చేదాకా కాచుకుని కూర్చున్నాడు. ఆవిడకి ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"...లాభం లేదంటారు" అని పూర్తిచేశాడు దర్జీ.

"బొత్తిగా లేదు."

ఇద్దరూ కలిసి నిట్టూర్చారు. దర్జీ టేపు సర్దుకుని వెళ్ళిపోయాడు. లాభంలేదు గారు లోపలికి పోయి, మధ్యాహ్నం కత్తిరించిన కాపీని తుడిచేసి, ఆ తర్వాతే కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"కుదరదని అబద్ధమాడారు" అంది ఆవిడ గుమ్మంలో నిలబడి.

"అన్నం మరీ చల్లారిపోయిందోయ్, ఇక లాభం లేదు."

"మాట మార్చకండి. అయితే ఆ అత్తగారి సంగతి కూడా ఇంతేనా? లారీని తీసినవాళ్ళకి ఆవిడ అడ్డమా?"

ఆయన గీత నిండుతున్నప్పటిలా గోడవైపు తిరిగాడు. "ఆ పసివాడు పెద్దయ్యాక మా నాన్నమ్మ ఏదని అడిగితే, మళ్ళీ తెచ్చి పెట్టడం నా వల్ల అవుతుందా? అందుకని." ఆవిడ కంచం అందుకుంది. ఇన్నేళ్ళుగా ఈయన లాభం లేదన్నవాటిలో ఎన్ని నిజంగా కుదరనివో, ఎన్ని కుదరకూడనివో అని ఆలోచిస్తూ అన్నం వేడిచేసి తెచ్చింది.

వీడియో పట్టుకెళ్ళిన మూడు రోజులకి పెళ్ళికూతురు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయాసం లేదు. బల్ల మీద మోచేతులు ఆనించి కబుర్లలోకి దిగిపోయింది.

"అమ్మ మంచానికి ఎదురుగా టీవీలో వేశామండీ. నాన్న మొదటిసారి ఆగగానే అమ్మ అలవాటు కొద్దీ ఆ మాట తనే అందించేసింది. మాకందరికీ నవ్వాగలేదు. ఆయన తలొంచుకుని కూర్చున్నారు. రెండోసారి కూడా అంతే, అమ్మే చెప్పింది. తర్వాత 'మా... మా...' అని ఆగారు చూడండి, అక్కడ అందరం అమ్మవైపు తిరిగాం. మా బాబాయి అయితే 'చెప్పు వదినా' అన్నాడు కూడా. అమ్మ చెయ్యెత్తింది. 'ఉండండి, ఆయన్నే చెప్పనివ్వండి' అంది. అలాగే నోరు మూసుకుని చూస్తూ కూర్చుంది. 'మా ఆవిడ' అని వచ్చేదాకా కదల్లేదు."

"వచ్చాక ఏమంది?" అంది ఆవిడ.

"'మళ్ళీ వెయ్యి' అంది. ఇప్పటికి ఎన్నిసార్లు వేయించిందో లెక్కలేదు. రిమోటు దిండు కింద పెట్టుకుంటోందండీ, ఎవరికీ ఇవ్వదు. నాన్నేమో సిగ్గుపడి కొట్టుకి పారిపోతున్నారు."

గుమ్మం తెర పక్కకి జరిగింది. అంతా విన్నట్టున్నాడు, లాభంలేదు గారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తెగ తుడుస్తున్నాడు. "ఈ అద్దాలు కూడా పోయాయోయ్. అంతా మసకగా కనపడుతోంది. ఇక లాభం లేదు."

"అద్దాలు బాగానే ఉన్నాయి. వెళ్ళి మొహం కడుక్కోండి."

పెళ్ళికూతురు ఇంకా మెట్లు దిగుతుండగానే, పాత అమ్మాయి ఎక్కి వచ్చింది. అదే పుట్టినరోజు వీడియో, అదే గుసగుస. "ఆంటీ, మా ఆఫీసులో ఒకాయన అన్నారు, మనుషుల్ని తీసెయ్యడం ఇప్పుడు చాలా తేలికట. మా అత్తగారి విషయం అంకుల్‌ని ఇంకోసారి అడుగుతారా?"

ఆవిడ ఫోనుని రెండు చేతులతో అందుకుంది. వీడియో అంతా ఓపిగ్గా చూసింది. ఆవిడకి కళ్ళద్దాలు లేవు కాబట్టి ముక్కు మీద ఉన్నట్టే ఊహించుకుని, వాటిని తీసి బల్ల మీద పెట్టింది.

"కూర్చోమ్మా" అంది. "మనసు గట్టి చేసుకో. ఇక లాభం లేదు."

వెనక గదిలోంచి, ఆ కొట్టు తెరిచింది మొదలు ఎవరూ విననిది, ఆయన పగలబడి నవ్వడం వినిపించింది.